క్షరం కాని అక్షరం

ప్రవేశిక

రాతిపై, రాగిరేకుపై, తాళపత్రంపై, కాగితంపై సాగిన రాత నేడు కంప్యూటరులోకి చేరింది. ఈ మార్పు వలన సమాచారాన్ని సేకరించడం, వెదకడం, పంపడం ఎంతో సులభమయ్యాయి. అయితే దానిని తరతరాలపాటు నిలుపుకోవడం మాత్రం సులభం కాలేదు. ఎలక్ట్రానిక్ పత్రాల పరిరక్షణలో ఎదురయ్యే చిక్కులను, వాటిని అధిగమించే మార్గాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

క్షరం కానిది అక్షరం. ‘నశించనిది’ అని ఆ మాటకు అర్థం. నోటి నుండి వెలువడిన మాట గాలిలో కలిసిపోతుంది. రాసిన మాట నిలుస్తుంది. ఈ నమ్మకంతోనే పూర్వం రాజులు దానశాసనాలను శిలలపై చెక్కించారు. కవులు తమ కావ్యాలను తాళపత్రాలకు ఎక్కించారు. సామాన్యులు సైతం పొలం పత్రాలను, పెద్దల ఉత్తరాలను ఇనప్పెట్టెలలో భద్రపరచుకున్నారు. రాత నిలిస్తేనే హక్కు నిలుస్తుంది, చరిత్ర నిలుస్తుంది అని వారికి తెలుసు.

నేడు ఆ రాత కంప్యూటరులోకి మారింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ అనే పేరుతో కంప్యూటరీకరణను ప్రారంభించింది. అంతకు ముందు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో గుమాస్తాలు ప్రతి దస్తావేజుకూ పెద్ద పెద్ద పుస్తకాలలో చేతితో నకలు రాసేవారు. ఒక ఆస్తి పూర్వాపరాలు తెలియాలంటే ఆ పుస్తకాలన్నింటినీ తిరగవేయవలసి వచ్చేది. కంప్యూటరు ఆ శ్రమను ఎంతగానో తగ్గించింది. ఇందులో సందేహానికి తావు లేదు.

కాని దస్తావేజు అవసరం రాసుకున్న నాటితో తీరిపోదు. ఒక రైతు నేడు కొన్న పొలానికి సంబంధించిన పత్రంతో యాభై ఏళ్ల తరువాత ఆయన మనుమరాలికి పని పడవచ్చు. ఆనాడు ఆ ఫైలు తెరుచుకుంటుందా? తెరుచుకున్నా, అది మార్పుచేర్పులు లేని అసలు పత్రమేనని నమ్మడం ఎలా? ఎలక్ట్రానిక్ పత్రాల పరిరక్షణ అనే విషయమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

రెండు గ్రంథాలు

ఈ ప్రశ్నలు ఎంత తీవ్రమైనవో ఇంగ్లండులో జరిగిన ఒక ఉదంతం చాటి చెబుతుంది. ఆ దేశాన్ని జయించిన విలియం రాజు 1085లో తన రాజ్యంలోని భూముల వివరాలన్నీ సేకరించవలసిందిగా ఆజ్ఞాపించాడు. ఎవరి అధీనంలో ఎంత భూమి ఉన్నది, ఎన్ని నాగళ్లు ఉన్నాయి, ఎంత పన్ను రావలసి ఉన్నది వంటి వివరాలను అధికారులు ఊరూరా విచారించి నమోదు చేశారు. ఆ సర్వే 1086లో జరిగింది. ఆ వివరాలను పదును చేసిన గొర్రెతోలు పత్రాలపై లాటిన్ భాషలో రాశారు. దానికి ‘డూమ్స్‌డే గ్రంథం’ అని పేరు.

1986 నాటికి ఆ గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయి. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని బి.బి.సి. సంస్థ ఒక కొత్త డూమ్స్‌డేను తలపెట్టింది. తమ కాలపు ప్రజాజీవితాన్ని భావితరాలకు అందించడం దాని ఆశయం. పది లక్షలకు పైగా ప్రజలు ఇందులో పాలుపంచుకున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు బడిపిల్లలు. తమ ఊరి వీధులను గురించి, బడిని గురించి, నిత్యజీవితాన్ని గురించి వారు స్వయంగా రాసి పంపారు. ఫోటోలు, పటాలు, గణాంకాలు వాటికి జతపడ్డాయి. ఈ పథకానికి సుమారు 25 లక్షల పౌండ్లు ఖర్చయినట్లు చెబుతారు. ఈ సమాచారాన్నంతటినీ భోజన పళ్లెమంత ఉండే రెండు లేజరు డిస్కులలో నిక్షిప్తం చేశారు. ఆ కాలానికి అది అపూర్వమైన సాంకేతిక విజయం.

పదిహేనేళ్లు గడిచేసరికి పరిస్థితి తలక్రిందులయింది. ఆ డిస్కులను నడిపే యంత్రాల తయారీ ఆగిపోయింది. వాటికి అనుసంధానించిన కంప్యూటర్లు వాడుక నుండి తొలగిపోయాయి. 2002 నాటికి పనిచేసే యంత్రాలు కొద్దిగా మాత్రమే మిగిలాయి. ఆ పిల్లలు ఎంతో ఇష్టంగా రాసిన మాటలు, వారు ముప్ఫయ్యో పడిలో అడుగుపెట్టక మునుపే, ఎవరికీ అందకుండా పోయే ప్రమాదం ఏర్పడింది. అదే సమయంలో తొమ్మిది శతాబ్దాల నాటి తోలుగ్రంథాన్ని మాత్రం లాటిన్ తెలిసిన పండితులు నిరాటంకంగా చదువుకుంటూనే ఉన్నారు.

చివరకు లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ సమాచారాన్ని కాపాడేందుకు పూనుకున్నారు. డిస్కులలోని సమాచారాన్ని బయటకు తీసి, పాత కంప్యూటరు చేసే పనులన్నింటినీ కొత్త కంప్యూటరు చేత చేయించే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. 2002 చివరలో పాత డిస్కులోని పుటలు కొత్త తెరపై కనిపించాయి. 2011లో బి.బి.సి. అందులోని కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో ఉంచింది. ఆ వెబ్‌సైటు సైతం 2018లో మూతపడింది. అయితే ఈసారి దానిని నష్టపోలేదు. బ్రిటన్ జాతీయ పురాభిలేఖాగారం అంతకు ముందే ఆ పుటలకు నకళ్లు తీసి పదిలపరచింది. ఒకే సమాచారాన్ని ముప్ఫయి రెండేళ్లలో రెండుసార్లు కాపాడుకోవలసి వచ్చింది. ఎలక్ట్రానిక్ పత్రాన్ని ఒకసారి భద్రపరచి ఊరకుంటే చాలదని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.

మూడు ఆధారాలు

తాళపత్రం చదవడానికి వెలుగు, కన్ను, భాష వస్తే చాలు. ఎలక్ట్రానిక్ పత్రం అలా కాదు. అది మూడు ఆధారాలపై నిలబడి ఉంటుంది. మొదటిది సమాచారాన్ని మోసే వస్తువు. రెండవది ఆ వస్తువును చదివే యంత్రం. మూడవది అందులోని సంకేతాలకు అర్థం చెప్పే సాఫ్ట్‌వేర్. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ నిరుపయోగమవుతాయి.

మోసే వస్తువు నానాటికీ క్షీణిస్తూ ఉంటుంది. అయస్కాంత టేపులపై పూత పెచ్చులూడుతుంది. మనం రాసుకునే సి.డి.లలోని రంగుపొర వేడికి, తేమకు పాడవుతుంది. హార్డ్‌డిస్కులోని కదిలే భాగాలు అరిగిపోతాయి. కాగితం పాడయితే అంచు చిరగడమో, రంగు మారడమో కంటికి కనిపిస్తుంది. సగం చెదలు తిన్న పుటలోనూ మిగిలిన సగం చదవవచ్చు. డిస్కు విషయంలో అటువంటి హెచ్చరిక ఉండకపోవచ్చు. నిన్న తెరుచుకున్న ఫైలు నేడు తెరుచుకోదు. కొన్ని కీలకమైన సంకేతాలు చెడితే మొత్తం పత్రమే అందకుండా పోతుంది.

వస్తువు బాగున్నా యంత్రం ఉండదు. ఒకప్పుడు ప్రతి కార్యాలయంలోనూ కనిపించిన ఫ్లాపీని ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. సోనీ సంస్థ జపానులో 2011 మార్చితో ఫ్లాపీల విక్రయానికి స్వస్తి చెప్పింది. నేటి కంప్యూటర్లలో ఫ్లాపీని పెట్టే చోటే లేదు. బీరువా అడుగున ఫ్లాపీ దొరికినా దానిలో ఏమున్నదో తెలుసుకోవడం సామాన్యునికి సాధ్యం కాదు.

వీటికి తోడు మనిషి అజాగ్రత్త కూడా ఒక కారణం. 1969లో అపోలో 11 చంద్రునిపై దిగినప్పుడు అక్కడి నుండి వచ్చిన దృశ్యసంకేతాలను అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అయస్కాంత టేపులపై నమోదు చేసింది. ప్రపంచం టి.వి.లలో చూసిన దృశ్యాలకంటే ఆ టేపులలోని దృశ్యాలు స్పష్టమైనవి. చాలాకాలం వెదికిన తరువాత, ఆ టేపులను చెరిపి తిరిగి వాడుకొని ఉంటారని 2009లో నాసా ప్రకటించింది. టి.వి. ప్రసారాల ప్రతులు ఉన్నందువలన ఆ ఘట్టం పూర్తిగా కనుమరుగు కాలేదు. కాని అంతకంటే మేలైన మూలం మాత్రం మానవాళికి దక్కలేదు.

తెలుగు లిపి నేర్పిన పాఠం

మూడవ ఆధారమైన సంకేతాల సంగతి తెలుగువారికి అనుభవంలోనిదే. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా దాచుకోదు, సంఖ్యగా దాచుకుంటుంది. ఏ సంఖ్య ఏ అక్షరాన్ని సూచిస్తుందో తెలిస్తేనే తెరపై ఆ అక్షరం కనిపిస్తుంది. 1990లలో తెలుగు అచ్చుపని కంప్యూటర్లపైకి వచ్చినప్పుడు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా సంఖ్యలను కేటాయించుకున్నది. ఇంగ్లీషు అక్షరాలకు ఉద్దేశించిన సంఖ్యల వెనుక తెలుగు అక్షర ఖండాలను అమర్చారు. ఆ ఫాంటు ఉన్నచోట చక్కని తెలుగు కనిపించేది. లేనిచోట అదే ఫైలు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపించేది.

ఆ రోజులలో ఎన్నో పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు ఆ విధంగానే కూర్చబడ్డాయి. అచ్చయిన పుస్తకం నేటికీ చదువుకోవచ్చు. దానికి మూలమైన ఫైలు మాత్రం ఫాంటు దొరకక, కూర్పు సాఫ్ట్‌వేర్ పనిచేయక మూగబోయింది. కాగితంపై నిలిచిన తెలుగు కంప్యూటరులో నిలవలేదు.

ఈ గందరగోళానికి పరిష్కారం ఉమ్మడి సంకేతపద్ధతి. భారతీయ లిపులకు ఉపయోగపడే ‘ఇస్కీ’ ప్రమాణాన్ని మన దేశం 1991లో ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ లిపుల కోసం వెలువడిన ‘యూనికోడ్’ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం లభించింది. యూనికోడ్ ప్రకారం ‘అ’ అక్షరానికి 3077, ‘క’ అక్షరానికి 3093 సంఖ్యలు. ఈ సంఖ్యలు ఏ సంస్థ సొంతమూ కావు. అవి అందరికీ తెలిసిన బహిరంగ ప్రమాణాలు. ఒక సంస్థ మూతపడినా దాని వెంట అక్షరం మరణించదు. పాత ఫాంటులలోని రచనలను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లు కూడా ఉన్నాయి. అయితే ఏ ఫైలులో ఏ ఫాంటు వాడారో తెలిసినప్పుడే అవి సవ్యంగా పనిచేస్తాయి.

సంకేతం నిలిచి దాని మర్మం నశించడం కంప్యూటరుతోనే మొదలు కాలేదు. అశోకుని శాసనాలు రాతిపై చెక్కుచెదరక నిలిచినా, బ్రాహ్మీ లిపిని చదవగలవారు లేక శతాబ్దాలపాటు మౌనంగా ఉండిపోయాయి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి రహస్యాన్ని ఛేదించిన తరువాతనే అవి మాట్లాడాయి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులు భద్రంగా కాపాడాయి. రేకులపై రాగాల పేర్లూ ఉన్నాయి. కాని ఆనాడు వాటిని పాడిన బాణీలు వాటిలో లేవు. అందువలన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. వస్తువును దాచినంత మాత్రాన సరిపోదు. దానిని చదివే విధానాన్ని కూడా దాచాలి.

నమ్మదగిన ప్రతి

పత్రం తెరుచుకోవడం ఒక ఎత్తు, అది నమ్మదగినది కావడం మరొక ఎత్తు. ప్రాచీన కావ్యాలను పరిష్కరించే పండితులకు పాఠాంతరాల సమస్య సుపరిచితం. లేఖకుని చేతిలో ఒక అక్షరం మారితే పద్యార్థమే మారిపోతుంది. అనేక ప్రతులను పోల్చి చూసి సరైన పాఠాన్ని నిర్ణయించవలసి వస్తుంది.

కంప్యూటరు తీసే నకలులో సాధారణంగా తప్పు దొర్లదు. కాని ఎవరైనా కావాలని ఒక అంకెను మారిస్తే కొట్టివేతలు, దిద్దుబాట్లు కంటికి కనిపించవు. దీనిని కనిపెట్టడానికి ‘హాష్’ అనే పద్ధతి ఉన్నది. ఫైలులోని సమాచారాన్నంతటినీ ఒక గణిత ప్రక్రియకు లోను చేసి ఒక సంఖ్యను రాబడతారు. ఆ సంఖ్యను వేరొకచోట భద్రపరుస్తారు. తరువాత ఫైలులో ఒక్క అక్షరం మారినా మళ్లీ లెక్కించినప్పుడు పూర్తిగా వేరొక సంఖ్య వస్తుంది. దానితో మార్పు జరిగినట్లు తేలిపోతుంది.

పత్రం పుట్టుపూర్వోత్తరాలను నమోదు చేయడం కూడా ముఖ్యమే. మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య కవి ఎవరో, కావ్యమేదో చెబుతుంది. తాళపత్ర ప్రతుల చివర ఏ సంవత్సరంలో, ఏ తిథినాడు, ఎవరు ఆ ప్రతిని రాశారో లేఖకులు తెలిపిన సందర్భాలు అనేకం. ఎలక్ట్రానిక్ పత్రానికి కూడా అటువంటి వివరాలు అవసరం. ఎవరు రూపొందించారు, ఎప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఆ తరువాత ఏ మార్పులు జరిగాయి అనే వివరాలు లేని ఫైలు పేరూ ఊరూ లేని బాటసారి వంటిది.

మన చట్టాలు ఈ అవసరాన్ని గుర్తించాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటరు ద్వారా తయారైన సమాచారాన్ని కూడా ప్రభుత్వ రికార్డుగానే పరిగణించింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని ఏడవ సెక్షను ప్రకారం, భద్రపరచిన ఎలక్ట్రానిక్ రికార్డు తరువాతి కాలంలో చూసుకోవడానికి వీలుగా ఉండాలి. దాని రూపం అసలు సమాచారాన్ని యథాతథంగా చూపాలి. అది ఎక్కడ నుండి వచ్చింది, ఎక్కడకు వెళ్లింది, ఏ తేదీన, ఏ సమయంలో అనే వివరాలు అందులో లభించాలి. చట్టం లక్ష్యాన్ని నిర్దేశించింది. దానిని సాధించవలసిన బాధ్యత మాత్రం మనుషులదే.

పరిరక్షణ మార్గాలు

తాళపత్రం కూడా శాశ్వతం కాదు. చెదలు, తేమ, పురుగులు దానికి శత్రువులు. అయినా వందల ఏళ్ల నాటి కావ్యాలు మనకు దక్కాయంటే అందుకు కారణం ఆకు గట్టిదనం ఒక్కటే కాదు. పాత ప్రతి శిథిలం కాకముందే ఒక లేఖకుడు గంటం పట్టి కొత్త ప్రతి రాశాడు. కొన్ని తరాల తరువాత మరొకరు ఆ పని చేశారు. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తెలుగు రాతప్రతులను సేకరించి, కడపలో పండితులను నియమించి, ప్రతులను పోల్చి చూపించి, కాగితాలపై శుద్ధప్రతులు రాయించాడు. ఆకు పోయింది, కావ్యం నిలిచింది. నకలు రాసే చేయి ఆగిన చోట కావ్యం కూడా ఆగిపోయింది.

ఎలక్ట్రానిక్ పత్రాల పరిరక్షణకు నేటి నిపుణులు చెప్పే మార్గాలకు మూలసూత్రం ఇదే. మొదటి మార్గం, పాతబడుతున్న సాధనం నుండి కొత్త సాధనంలోకి, పాతబడుతున్న రూపం నుండి కొత్త రూపంలోకి ఎప్పటికప్పుడు మార్చడం. ఇది లేఖకుని పని వంటిదే. కాకపోతే అతనికి తరానికొకసారి వచ్చిన పని ఇక్కడ కొన్ని ఏళ్లకొకసారి వస్తుంది. రెండవ మార్గం, డూమ్స్‌డే విషయంలో చేసినట్లు పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించడం.

మూడవ మార్గం, మొదటి నుండే బహిరంగ ప్రమాణాలను వాడటం. పత్రాలను దీర్ఘకాలం నిలుపుకోవడానికి వీలుగా ‘పి.డి.ఎఫ్.-ఎ’ అనే రూపాన్ని 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. పత్రాన్ని చూపడానికి కావలసిన ఫాంటులను ఆ పత్రంలోనే పొదగాలని ఆ ప్రమాణం నిర్దేశిస్తుంది. వెనుకటి తెలుగు ఫైళ్ల దుస్థితి తెలిసినవారికి ఈ నియమం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగవ మార్గం, ఒకే చోట కాక పలుచోట్ల ప్రతులను ఉంచడం. 2000ల తొలి సంవత్సరాలలో ప్రారంభమైన ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పథకంలో అనేక భారతీయ భాషల పుస్తకాలతో పాటు వేలాది తెలుగు పుస్తకాలను స్కానింగ్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచారు. 2010ల దశాబ్దం చివరిలో ఆ వెబ్‌సైటు పాఠకులకు అందుబాటులో లేకుండా పోయింది. అయితే ఆ పుస్తకాలలో చాలా భాగానికి ప్రతులు ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లో చేరి ఉన్నందువలన పాఠకులు వాటిని చదువుకోగలుగుతున్నారు. రెండవ ప్రతి లేకపోతే ఎంత నష్టం జరిగి ఉండేదో ఊహించవచ్చు.

ఈ మార్గాలన్నింటికీ ధనం, శ్రమ, శ్రద్ధ కావాలి. అన్నింటినీ దాచడం ఎవరి వల్లా కాదు. అందువలన దేనిని దాచాలి, దేనిని విడిచిపెట్టాలి అని నిర్ణయించడమే మరొక పెద్ద సమస్య. ఒక కాలంలో పనికిరానిదిగా తోచినది మరొక కాలానికి అమూల్యం కావచ్చు. 1986లో బడిపిల్లలు రాసిన చిన్న చిన్న మాటలు నేడు సామాజిక చరిత్రకు ఆధారాలు.

ముగింపు

పరిరక్షణ బాధ్యత ప్రభుత్వాలది, గ్రంథాలయాలది మాత్రమే అనుకోవడం పొరపాటు. ఇంటింటా సెల్‌ఫోనులలో తాతగారి ఫోటోలు, అమ్మమ్మ గొంతులో పలికిన పాటలు ఉన్నాయి. ఆ ఫోను పాడయితే వాటికి మరొక ప్రతి ఉన్నదా? ఆ ఫోటోలోని మనిషి పేరు ఎక్కడైనా రాసి ఉన్నదా? ప్రతి కుటుంబమూ ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

రాయి తన బలంతో నిలిచింది. తాళపత్రం లేఖకుని బలంతో నిలిచింది. ఎలక్ట్రానిక్ పత్రానికి సొంత బలం స్వల్పం. దానిని కనిపెట్టుకొని ఉండే మనిషి శ్రద్ధే దానికి ఆయువు. ఆ శ్రద్ధ తరం నుండి తరానికి అందినప్పుడే కంప్యూటరులోని అక్షరం తన పేరును సార్థకం చేసుకుంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

క్షరం = నశించేది
దస్తావేజు = హక్కును తెలిపే పత్రం
ఉదంతం = జరిగిన సంగతి
నిక్షిప్తం చేయు = లోపల ఉంచు, దాచు
పురాభిలేఖాగారం = పాత రికార్డులను భద్రపరచే చోటు
పాఠాంతరం = ఒకే రచనకు వేర్వేరు ప్రతులలో కనిపించే మరొక పాఠం
గంటం = తాళపత్రంపై రాసే ఇనుప సాధనం
శిథిలం = పాడుపడినది

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రెండు డూమ్స్‌డే గ్రంథాల చరిత్రను పోల్చి, దాని నుండి గ్రహించవలసిన నీతిని వివరించండి.
2. ఎలక్ట్రానిక్ పత్రాల పరిరక్షణ మార్గాలను తాళపత్ర లేఖకుల సంప్రదాయంతో పోల్చి రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎలక్ట్రానిక్ పత్రానికి గల మూడు ఆధారాలను తెలపండి.
2. యూనికోడ్ వలన తెలుగుకు కలిగిన మేలు ఏమిటి?
3. పత్రం నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి ‘హాష్’ ఏ విధంగా తోడ్పడుతుంది?

ఇ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
1. పాఠాంతరం 2. పూర్వాపరాలు 3. నిరుపయోగం

ఈ) కృత్యం
మీ ఇంట్లోని ఒక పాత ఫోటోను గాని, పత్రాన్ని గాని ఎన్నుకోండి. అది ఎవరిది, ఏ కాలానిది, ఏ సందర్భంలోనిది అనే వివరాలను ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి. దానికి రెండు ప్రతులు తయారుచేసి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి.